తేదీ మారని రాణి

వరలక్ష్మీ వ్రతంలో మా అత్తగారు కలశానికి కట్టే వెండి బిళ్ల మీదున్నది లక్ష్మి కాదు, ఆస్ట్రియా దేశపు మహారాణి. ఈ సంగతి పెళ్లయిన కొత్తలోనే చెప్పాను. చెప్పకుండా ఉండలేను కదా.

"ముసుగు వేసుకుంది, నగలు పెట్టుకుంది, బొద్దుగా ఉంది. లక్ష్మికి ఇంకేం కావాలే?" అంది.

వెనకవైపున్న రెండు తలల గద్ద ఆవిడ దృష్టిలో గండభేరుండం. అరబ్బు దేశంలో, ఏడెన్ రేవులో గుమాస్తాగా పనిచేసిన వాళ్ల నాన్న సెలవులకి వచ్చినప్పుడు ఆ నాణెం కూతురి చేతిలో పెట్టి, మళ్లీ ఓడెక్కి, ఇక రాలేదు. ఆయన ఫొటో ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ఆ బిళ్లే.

మొన్న వ్రతానికి ముందు దాని కొక్కెం ఊడింది. ఇక్కడ అమెరికాలో మేముండే షాంటిలీ నుంచి, మనవాళ్ల కొట్లుండే ఐసెలిన్ దాకా నాలుగు గంటలు డ్రైవ్ చేసి నగల కొట్లో ఇచ్చాం. "తళతళలాడాలి, మంచి పాలిష్ పెట్టు నాయనా" అని చెప్పింది ఆవిడే. తీసుకోవడానికి మళ్లీ వెళ్తే అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇది నాది కాదు" అంది.

కొట్టాయన హైదరాబాద్ మనిషి. "అదే మీదమ్మా. మేమెందుకు మారుస్తం?"

"గడ్డం కింద గీత ఉండేది. ముసుగు మడతల్లో పసుపు నల్లగా పట్టేసి ఉండేది."

"పాలిష్ కొట్టినంక గీతలుంటయా? పసుపుంటదా?"

ఇక నేను రంగంలోకి దిగాను. కెమెరా ఫుటేజ్ చూపించమన్నాను, రివ్యూ రాస్తానన్నాను, పోలీసులన్నాను. రుజువు కోసం ఫోన్‌లో పాత వ్రతాల ఫొటోలు తీశాను. ప్రతి ఏడూ రాణిగారి మొహం నిండా పసుపు, దాని మీద రూపాయంత కుంకుమ. గడ్డం కాదు కదా, ముక్కు కూడా కనపడదు.

పోనీ తేదీ చూద్దామా అంటే, ఈ నాణేలన్నిటి మీదా 1780 అనే ఉంటుంది. రాణిగారు చనిపోయిన సంవత్సరం అది. అరబ్బు కాఫీ వర్తకులు ఈ మొహం, ఈ తేదీ ఉన్న వెండిని తప్ప మరోదాన్ని నమ్మలేదట. అందుకని ఆవిడ పోయాక కూడా వియన్నాలో, లండన్‌లో, చివరికి మన బొంబాయిలో సైతం అదే అచ్చు, అదే సంవత్సరం గుద్దుతూ పోయారు. ఒకదానికొకటి తేడా తెలియకపోవడమే వాటి గొప్ప. హిస్టరీలో ఎం.ఏ. చేసినదాన్ని, ఆ గొప్ప ఏమిటో ఆ కౌంటర్ దగ్గర నిలబడ్డాక నాకు అర్థమైంది.

కొట్టాయన లోపలికెళ్లి ఒక ట్రే తెచ్చాడు. దాని నిండా అవే రాణులు. "నెక్లెస్‌ల కోసం తెప్పిస్తం. మీదేదో మీరే తీసుకోండమ్మా. నేనేం అనను."

దొంగయితే నాకు మాటలు వచ్చేవి. ఇంత మర్యాదస్తుడితో ఎలా పోట్లాడను?

అత్తగారు ఒక్కో నాణెమూ తీసి గడ్డం కింద బొటనవేలితో రాసి చూసింది. ఒకదాన్ని చెంపకి ఆనించుకుని, "ఇదే" అంది. ఆయన మొదటిది ట్రేలో పడేసి, కొక్కెం దీనికి అతికించి ఇచ్చాడు. నేను కూడా హమ్మయ్య అనుకున్నాను.

టర్న్‌పైక్ హైవే మీద చాలా దూరం వచ్చాక ఆవిడ గుప్పిట విప్పింది.

"ఇదీ కాదమ్మాయ్."

"మరి అక్కడ ఇదే అన్నారు కదండీ?"

"అందరూ నావైపే చూస్తుంటే ఏదో ఒకటి అనాలిగా." "ముందు ఇచ్చిందే మా నాన్నదేమో" అంది.

"వెనక్కి తిప్పనా అత్తయ్యగారూ? ఇంకా మూసి ఉండరు."

"ఆ ట్రేలో కలిసిపోయాక తిప్పి ఏమడుగుతావే?"

అప్పటికే ఇండికేటర్ వేశాను. ఎవరు ఏమన్నా నా దగ్గర జవాబు ఉంటుందని మా వాళ్లందరికీ నేనంటే హడల్. ఆవిడ నావైపు చూస్తూనే ఉంది. వెనక్కి తిరగాల్సిన ఎగ్జిట్ దాటిపోయింది.