గజమాల కట్టిన అంబాసిడర్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. మొయినాబాద్ పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ లెక్చరర్‌గా చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మెడలో ఐడీ కార్డు వేలాడేసుకుని (ఇంటికొచ్చాక కూడా తీసేవాణ్ణి కాదు, మరిచిపోయినట్టు నటించేవాణ్ణి) ఫ్యాను చప్పుడు దగ్గర్నుంచి పొలంలో మోటారు కాలిపోవడం దాకా, అడిగినా అడగకపోయినా, అందరికీ సలహాలు పంచేవాణ్ణి. మా ఇంట్లోవాళ్ళు మంచివాళ్ళు. ఓపిగ్గా వినేవారు, ఆ తర్వాత వాళ్ళకు తోచింది వాళ్ళు చేసుకునేవారు. అందువల్ల నా సలహాలతో ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. ఒక్క పెద్దబాపు మాత్రం ఒకే ఒక్కసారి నా మాట నిజంగా పట్టించుకున్నాడు. ఆ ఒక్కసారికే నాకు పట్టపగలు చుక్కలు కనిపించాయి.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. చేవెళ్ళ దగ్గర మా ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా, పంచాయితీ అయినా మొదటి కుర్చీ ఆయనదే. కానీ ఆయనకు పదవి మాత్రం లేదు. వెనక ఒకసారి ఎంపీటీసీకి నిలబడి ఓడిపోయాడు, ఆ తర్వాత సీటు రిజర్వేషన్లో పోయింది. ఎన్నో ఏళ్ళకు అది మళ్ళీ జనరల్‌కు వస్తుందని తెలిసిన రోజున ఆయన మొదట చేసిన పని, కొట్టంలో ఉన్న అంబాసిడర్ మీది టార్పాలిన్ తీయించడం. అది మా తాత కొన్న కారు. తాత సర్పంచ్‌గా గెలిచింది ఆ కారులో తిరిగి. పెద్దబాపు ఓడింది కిరాయి జీపులో తిరిగి. వయసు మీద పడుతోంది, ఇంకో అవకాశం వస్తుందో రాదో తెలియదు. అందుకే ఈసారి నామినేషన్‌కు తాత కారులోనే వెళ్ళాలని ఆయన పట్టు. చిక్కల్లా ఏమిటంటే, దాన్ని స్టార్ట్ చేస్తే దోమల మందు కొట్టే బండి వచ్చిందనుకుని పిల్లలు వెంటబడేవారు. పెట్రోలు ఎంత తాగేదో ఆయిలూ అంతే తాగేది.

మాది రాజకీయాల కుటుంబం. కూర ఏం వండాలన్నా రెండు వర్గాలు ఏర్పడతాయి. కారు విషయంలోనూ అంతే. పెద్దబాపు కొడుకు, అంటే నాకు అన్న, శంకర్‌పల్లి వైపు వెంచర్లు వేసి ప్లాట్లు అమ్మేవాడు (చాటుగా వెంచరన్న అనేవాళ్ళం). ఇంజనే మార్చేయాలన్న వర్గానికి అతనే నాయకుడు. "బాపూ, దీని ఇంజన్ పని అయిపోయింది. తీసి పారేసి జపాన్ డీజిల్ ఇంజన్ పెట్టిద్దాం. సెకండ్ హ్యాండ్‌ల సస్తకు దొరుకుతది, మస్తు గుంజుతది" అన్నాడు. అప్పుడు నేను లేచాను. పెద్దబాపు తల్లి, మా అవ్వ దగ్గర ముగ్గుపిండి తీసుకుని గచ్చు మీద సిలిండర్ బొమ్మ గీసి, క్లాసులో చెప్పినట్టే మొదలుపెట్టాను. అన్న చెప్పింది ఒట్టి ఇంజన్ ధర. దానికి సరిపడే గేర్‌బాక్స్ వేరే కొనాలి, అది కూర్చోవడానికి లోపల కోసి వెల్డింగ్ చేయాలి, దాని బరువుకు ముందు సస్పెన్షన్ గట్టి చేయాలి, పెట్రోలు బండి డీజిల్ బండి అయిందని ఆర్.సి.లో రాయించడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. అన్నీ కలిపితే, ఉన్న ఇంజన్‌నే దించి బోరింగ్ చేయించి (అరిగిన సిలిండర్లను లోపల చెక్కించి) కొత్త పిస్టన్లు, బేరింగులు వేయించే ఖర్చుకు అటూ ఇటూగా తేలుతుంది. పైగా తాత ఇంజన్ తాత కారులోనే ఉంటుంది. అవ్వ ఆ బొమ్మకేసి చూసి, "రేపు పొద్దుగాల ఎవలన్న వచ్చి గిదేం ముగ్గని అడిగితె నేనేం చెప్పాలె?" అంది.

అన్న వర్గం నవ్వింది. పెద్దబాపు నవ్వలేదు. అందరి ముందూ, "సారు చెప్పినట్టె చేద్దాం" అని తేల్చేశాడు. నా జీవితంలో అంతకు మించిన ప్రమోషన్ ఇప్పటిదాకా రాలేదు.

మా కాలేజీ దారిలో, మొయినాబాద్‌లో ఒక ఉస్తాద్ షెడ్డు ఉండేది. పాత కార్లంటే ఆయన దగ్గరికే పోవాలనేవారు. ఆయన ఇంజన్ దించాడు, విప్పాడు. విప్పకముందు వేసే లెక్క లెక్కే కాదని అప్పుడు తెలిసింది. క్రాంకుకు గీతలు పడ్డాయి, దాన్నీ గ్రైండింగ్‌కు పంపాలి, వాల్వులు అరిగాయి, పంపు పోయింది. ఉస్తాద్ ఫోన్ చేసినప్పుడల్లా "సార్, ఇంకొకటున్నది" అనే మొదలుపెట్టేవాడు. అన్న మాత్రం భోజనాల దగ్గర నాకు మరో గరిటె పప్పు వేసి, "తినురా, మస్తు కష్టపడుతున్నవ్" అనేవాడు. అది తిట్టుకన్నా గట్టిగా తగిలేది. సామాను రావడం ఆలస్యమై, ఈలోపు నోటిఫికేషన్ వచ్చేసి, చివరికి నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నానికి గాని బండి తయారు కాలేదు. తాళం నా చేతిలో పెడుతూ ఉస్తాద్ జాగ్రత్తలు చెప్పాడు. "కొత్తగ బోరింగ్ అయింది సార్, లోపల అంత టైట్ ఉంటది. కొన్ని దినాలు నలభై దాటొద్దు. గరం అసలే కానియ్యొద్దు. గరమయితె పిస్టన్ పట్టేస్తది, మనం చేసిన పనంత మట్టిల పోతది."

సాయంత్రం ఐదులోపు చేవెళ్ళ మండలాఫీసు గేటు లోపల ఉండాలి. మొయినాబాద్ నుంచి మామూలుగా అరగంట దారి. అప్పుడే బయలుదేరి ఉంటే చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. కానీ ఆ రోజు గురువారం, మూడింటిదాకా రాహుకాలం. ఊరి జనం బైకుల మీద, ఆటోల్లో, ట్రాక్టర్ల మీద షెడ్డు దగ్గరికే వచ్చేశారు. మూడు దాటాక కొబ్బరికాయలు, టైర్ల కింద నిమ్మకాయలు, డప్పులు, ఉపన్యాసాలు. అన్నింటినీ మించి మా ఊరి యువజన సంఘం వాళ్ళు బంతిపూల గజమాల తెచ్చారు. దాన్ని మెడలో వేస్తే పెద్దబాపు అందులో కనిపించకుండా పోయాడు. కాసేపటికి తల బయటపెట్టి, "నాకెందుకురా, మా బాపు కారుకు కట్టుండ్రి" అన్నాడు. అంబాసిడర్ మూతికి ఈ పక్క నుంచి ఆ పక్కకు, రెండు వరసలుగా, తాళ్ళతో బిగించి కట్టారు. నేనూ ఒక ముడి వేశాను. ఫోటోలు దిగాం. బయలుదేరేసరికి నాలుగు కావస్తోంది.

స్టీరింగ్ దగ్గర నేను, పక్కన పెద్దబాపు, వెనక సీట్లో నామినేషన్ కాగితాల సంచీ ఒళ్ళో పెట్టుకుని అవ్వ. మా వెనక అన్న పెద్ద కారు, దాని వెనక ఊరంతా. ఇంజన్ చప్పుడు ఎంత మెత్తగా ఉందంటే నాకు కూనిరాగం తీయాలనిపించింది. నలభై దాటకుండా పోతుంటే, కాసేపటికి రోడ్డు మీద పోయే బస్సులూ కార్లూ కూడా గత్యంతరం లేక మా ఊరేగింపులో కలిశాయి (వాళ్ళు మాకు ఓట్లు వేసేవాళ్ళు కాదు, తిట్లు మాత్రం బాగానే వేశారు). అన్న తన కారును పక్కకు తెచ్చి, అద్దం దించి, "తొక్కురా, జర తొక్కు. గిది నామినేషనా, పెండ్లి బరాతా?" అన్నాడు. వినిపించనట్టు ముందుకు చూశాను. అప్పుడు కంటబడింది టెంపరేచర్ ముల్లు. మధ్యలో నిలబడాల్సింది, మధ్య దాటి పోతోంది.

ఆ తర్వాత నేను రోడ్డును చూసింది తక్కువ, ముల్లును చూసింది ఎక్కువ. వేగం తగ్గించాను, అది తగ్గలేదు. అరచేతులు చెమటకు స్టీరింగ్ మీద జారుతున్నాయి. కనకమామిడి దాటేసరికి ముల్లు ఎర్రగీత అంచుకు చేరింది. నడిపితే పిస్టన్ పట్టేస్తుంది, ఆపితే ఐదు దాటుతుంది.  కారు పక్కకు తీసి ఆపేశాను. పెద్దబాపు చేతి గడియారం చూసుకున్నాడు.

బానెట్ ఎత్తాను. బెల్టు బాగుంది, ఫ్యాను బాగుంది, ఎక్కడా నీళ్ళు కారడం లేదు. ఉస్తాద్‌కు ఫోన్ చేస్తే, "నీళ్లు నేనే ఫుల్ పోసిన సార్. గరం ఎందుకయితుందో నాకు సమజయితలేదు" అన్నాడు. జనం చుట్టూ మూగారు. ఒకరు నీళ్ళు చల్లమన్నారు, ఒకరు దిష్టి తగిలిందన్నారు. అన్న దిగి వచ్చి, నా మొహం కూడా చూడకుండా, నేరుగా వాళ్ళ బాపుతో, "డీజిల్ ఇంజన్ పెట్టిద్దామని నేను మొదలే చెప్పిన. అయిందేదో అయింది. నా కార్ల కూసో, గిప్పుడు పోయినా అందుకుంటం" అన్నాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. అంతమందిలో నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెద్దబాపు సీట్లోంచి కదల్లేదు. "ఆగు, సారు చూస్తుండు గద" అన్నాడు.

సారుకు ఏం చూడాలో తెలిస్తే కదా. బానెట్ దించి, తోచక కారు ముందు నిలబడ్డాను. ముక్కుకు ఒక వాసన తగిలింది, ఆకుకూరను పొయ్యి మీద పెట్టి మరిచిపోతే వచ్చే వాసన. వంగి చూస్తే గజమాల పైకి నిగనిగలాడుతోంది, లోపలి వరస పూలు మాత్రం ఉడికి నల్లబడి గ్రిల్లుకు అంటుకుపోయాయి. రేడియేటర్‌లో వేడి నీళ్ళు చల్లారాలంటే ముందు నుంచి గాలి తగలాలి. ఈ ముక్క ఆ సెమిస్టర్లోనే నేను రెండు సెక్షన్లకు చెప్పాను, పరీక్షలో అడిగాను, రాయనివాళ్ళకు మార్కులు కోశాను. ఆ గాలికి అడ్డంగా గజమాల కట్టేటప్పుడు పక్కనే నిలబడి ముడి బిగించాను.

"దండ తీసెయ్యాలె పెద్దబాపూ" అన్నాను మెల్లగా.

ఆయన ముఖం మారింది. "తీసుడా? ఆఖరి దినం, నడి రోడ్డు మీద కారాపి దండ తీసిండంటె ఏమనుకుంటరు? పోటీల నుంచి తప్పుకున్నడనుకుంటరు. మనం పొయ్యేలోపల్నే నేను అమ్ముడువోయిన్నని చేవెళ్ళల ఖాయం చేస్తరు." ఆయన భయంలో తప్పేమీ లేదు. మా వైపు నామినేషన్ రోజున నాయకుడు టీ తాగడానికి ఆగినా ఎక్కడో ఒప్పందం కుదిరిందంటారు. అప్పటికే ఒక ట్రాక్టర్ మీద ఇద్దరు చెవి దగ్గర ఫోన్లు పెట్టుకుని మావైపే చూస్తున్నారు. దండ ఉంటే ఇంజన్ పోతుంది, దండ తీస్తే పరువు పోతుంది. ఎటూ తేలక నేను ఆ పూలకేసి చూస్తూ నిలబడిపోయాను.

అవ్వ వెనక కిటికీలోంచి తల బయటపెట్టింది. "తీసుడెందుకురా? ఎనుకకు కట్టుండ్రి."

"ఎనుక కడితె ఎవలు చూస్తరే అవ్వా?" అన్నాడు పెద్దబాపు.

"ఓట్లున్నోల్లంత ఎనుకనే వస్తున్నరు. ముంగటికెల్లి వచ్చేటియి లారీలు" అంది అవ్వ.

తాత దగ్గర రాజకీయం నేర్చుకున్నది ఎవరో నాకు ఆ నిమిషంలో తెలిసింది. గజమాల విప్పి డిక్కీ మీద పరిచి కట్టాం. ఉడికిన వరస లోపలికి, నిగనిగలాడే వరస బయటికి. వెనకవాళ్ళు అది తమకోసమే తిప్పారనుకుని ఈలలు వేశారు, డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. ట్రాక్టర్ మీద ఇద్దరూ ఫోన్లు జేబులో పెట్టుకున్నారు. ఇంజన్ కొంచెం చల్లారిందాకా ఆగి, గుండె చిక్కబట్టుకుని స్టార్ట్ చేశాను. గాలి తగిలేకొద్దీ ముల్లు ఇష్టం లేని మనిషిలా మెల్లగా కిందికి దిగింది.

కానీ టైము అయిపోతోంది. అన్న మళ్ళీ పక్కకొచ్చాడు. "బాపూ, ఇంక ఆలోచించకు, దిగు." పెద్దబాపు అతనితో, "నువ్వు ముంగట వోయి గేటు కాడ నిలవడు" అన్నాడు. నావైపు తిరిగి, "ఉస్తాద్ ఎంతల పొమ్మన్నడు?" అని అడిగాడు. నలభై అన్నాను. "మరి నలభైలనే పో." ఆ తర్వాత చేవెళ్ళ దాకా సైకిళ్ళ వాళ్ళు తప్ప అందరూ మమ్మల్ని దాటిపోతుంటే, పెద్దబాపు మోకాలు మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నాడు. నేను ఎన్ని దేవుళ్ళకు మొక్కానో నాకే గుర్తులేదు.

ఆఫీసుకు కొంత దూరంలోనే పోలీసులు బండ్లు ఆపేశారు. అవ్వ చేతిలోని సంచీ అందుకుని, పంచె ఎగ్గట్టి పెద్దబాపు పరుగెత్తాడు. ఆయన పరుగెత్తగా నేను చూసింది అదే మొదలు, అదే చివర. గేటు దగ్గర అన్న ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి కానిస్టేబుల్‌తో ఏదో వాదిస్తున్నాడు. పెద్దబాపు లోపలికి దూరాడు. ఆ వెంటనే గేటు మూశారు. కాసేపటికి అన్న ఊచల్లోంచి చెయ్యి ఊపి, టోకెన్ ఇచ్చారని, ఇక నామినేషన్ తీసుకుంటారని సైగ చేశాడు. 

అంతా అయ్యాక టీ కొట్టు దగ్గర ఆయనతో ఒంటరిగా నిలబడే వీలు చిక్కింది. అడగకుండా ఉండలేకపోయాను. "పెద్దబాపూ, నిజంగనే ఆలస్యమయితె ఏం చేద్దువు?"

"ఏం చేస్త? మల్ల ఎలక్షన్ దాంక ఊకుంటుంటి" అన్నాడు, టీ ఊదుకుంటూ.

"మరి అన్న కారెందుకెక్కకపోతివి?"

"ఇంటోల్లందరి ముంగట నీ మాట పట్టుకున్న. నడి రోడ్డు మీద నిన్ను ఇడిసిపెట్టి దిగిపోతె, రేపటి సంది నువ్వేం చెప్పినా ఇంట్ల ఎవడన్న ఇంటడా బిడ్డా?" అన్నాడు. ఆయన కారు సెంటిమెంటు కోసం కూర్చున్నాడని నేను దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. నేను టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఆయన అది చూసి, "కని గా పూల ముచ్చట కాలేజీల చెప్పకు" అన్నాడు.

ఆ ఎన్నికలో పెద్దబాపు ఓడిపోయాడు. దానికి ఇంజన్ కారణం కాదని అన్న కూడా ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆయన లేడు. నేను ఈ మధ్య మొయినాబాద్ మీదుగా చేవెళ్ళ పోతుంటే, నా పక్కన కూర్చున్నవాళ్ళు ఇంకాస్త వేగంగా పొమ్మంటారు, నేనూ పోతాను. అప్పుడు నలభైలో పోయిన ఆ కుర్ర లెక్చరర్ గుర్తొచ్చి నవ్వు వస్తుంది. స్టీరింగ్ తన చేతిలో ఉంది కాబట్టి పెద్దాయన్ను తనే తీసుకుపోతున్నాననుకున్నాడు, పాపం.