వీర్నపల్లి మామిడి టెంక

కోరుట్లల మా పక్కింటి హమీదాబీ బీడీలు చేసి ముగ్గురు పిల్లల పెండ్లిళ్లు చేసింది. ఆమె తల్లిగారిల్లు వీర్నపల్లి. తల్లి పోయింది, ఇల్లు అమ్ముడువోయింది. రోడ్డు పెద్దగ చేసుడుతోని వాకిట్ల మామిడిచెట్టు సుత మొన్నటి ఎండకాలం కొట్టేసిండ్రు. ఆఖరి కాపుల ఒక్క పండు ఆమెకు దొరికింది.

ఇంటెనక ఒక్క చెట్టుకే జాగ ఉన్నది. ఒక చేతుల గా పండు టెంక, ఇంకో చేతుల నేనిచ్చిన సీతాఫలం గింజలు పట్టుకొని నిలవడ్డది. నేను ఊకుంటనా?

"టెంక పెడితే గదే రుచి రాదటనే. పుల్లగ కాయచ్చు. ఏడెనిమిదేండ్లు ఆగాలె. సీతాఫలమైతే మూడేండ్లకే తింటవు," అన్న.

"తినేతందుకు అంగట్ల దొరుకుతయి గద, వజ్రమ్మక్కా."

"మరి దేనికే?"

"గా చెట్టు కిందనే కూసోబెట్టి అమ్మ నాకు తల దువ్వేది. గా చెట్టు ఎట్లాగూ పోయింది. దీని నీడలనన్న కూసుంట."

సీతాఫలం గింజలు నా కొంగుల పోసింది. కత్తితోని టెంక పెంకు మెల్లగ తీసి, లోపలి పప్పును మట్టిల పెట్టింది.

ఇరవై రోజులైంది. మొలక ఇంకా రాలేదు. పొద్దున లేవంగనే ఇద్దరం పోయి చూస్తున్నం.