ఎమోసి గొంతుకు పౌడరు

ఉనైసీ అత్తయ్య ఎవరినైనా మెచ్చుకుంటే ఆ మనిషి ఇంటికెళ్ళి స్నానం చేయాల్సిందే. ఫిజీలోని మా నౌసోరిలో ఎవరు బాగా పాడినా, బాగా ఆడినా, చూసేవాళ్ళు లేచి వెళ్ళి మెడ మీద కాస్త పౌడరు చల్లి వస్తారు. అందరూ చిటికెడు చల్లుతారు. అత్తయ్య డబ్బా మూత ఊడదీసి కుమ్మరిస్తుంది. పాస్టరు గారి ప్రసంగం ఎలా ఉందో చర్చికి రానివాళ్ళకు కూడా ఆయన నల్లకోటు చూస్తే తెలిసిపోయేది. ఒకసారి మార్కెట్లో మంచి పీతలు ఇచ్చిన పాపానికి ఒకావిడ తెల్లగా ఇంటికెళ్ళింది.

అందరికంటే ఎక్కువ పౌడరు పడింది ఆమె భర్త ఎమోసి మీద. చర్చి పాటల బృందాన్ని నడిపేది అత్తయ్య, అందులో అన్నిటికన్నా కింది స్థాయి గొంతు ఎమోసిది. తలుపులోంచి పక్కకు తిరిగి దూరేంత భారీ మనిషి. గొంతు ఇంకా భారీ. ఆయన రాగం తీస్తే పక్కనే ఉన్న మా వంటింట్లో గిన్నెల మూతలు మోగేవి. ఆయన కట్టిన పాటలో రెండో చరణం ఆయన ఒక్కడే అందుకునేవాడు. అక్కడికి రాగానే అత్తయ్య బృందాన్ని గాలికి వదిలేసి డబ్బా పట్టుకుని ఆయన వెనక్కి వెళ్ళేది. ఆయన పాడుతూనే మెడ వంచేవాడు.

కిందటి తుఫానుల కాలంలో ఎమోసి చనిపోయాడు. మూడో చరణం ఆయన పాడిన ప్రతిసారీ మార్చేవాడు. ఆఖరుసారి పాడింది ఇంట్లో కంప్యూటరులో ఉంది, మరెక్కడా లేదు. చర్చిల పాటల పోటీ దగ్గరపడుతోంది. అందుకని బృందమంతా సాయంత్రాలు అత్తయ్య ఇంట్లో చాప మీద కూర్చుని, కంప్యూటరు పాడుతుంటే నేర్చుకోవాలని అనుకున్నారు.

మొదటిరోజు ఒకటో చరణం సాఫీగా సాగింది. రెండో చరణంలో ఎమోసి గొంతు వచ్చింది. అందరూ కళ్ళు తుడుచుకున్నారు, అత్తయ్య లేచి అటూ ఇటూ తిరిగింది. మూడో చరణంలో "ప్రభువా, నీ..." అన్నాడు ఎమోసి. తెర నల్లబడింది.

"నీ ఏమిటి?" అన్నాడు సకియాసి. బృందంలో అన్నిటికంటే సన్నటి గొంతు ఇతనిది.

"నీ దయ అయ్యుంటుంది," అందొకావిడ.

"నీ కోడి అయ్యుంటుంది. ఆయనకి కోడంటే ప్రాణం కదా."

"నోర్ముయ్ సకియాసీ, మళ్ళీ పెట్టండి," అంది అత్తయ్య.

మళ్ళీ పెట్టారు. ఈసారి "ప్రభువా" దాకా కూడా రాలేదు.

మర్నాడు అత్తయ్య మేనల్లుడు కిటియోనెను పిలిపించారు. బడిలో కంప్యూటర్లు చూసుకునేది అతనే. సొంత మేనల్లుడైనా పని అడగాలంటే యాంగోన అనే మత్తు మొక్క వేళ్ళ కట్ట ముందు పెట్టి అడగాలి. అడిగాక ఆ వేళ్ళు దంచి నీళ్ళలో కలపాలి, కలిపాక అందరూ కొబ్బరి చిప్పలతో తాగాలి. అదంతా అయ్యేసరికి కిటియోనె నాలుక మొద్దుబారింది, చేతివేళ్ళు మొద్దుబారాయి. మౌసును పిల్లిలాగా నిమురుతూ కూర్చున్నాడు.

"ఏం బావా, జ్వరమొచ్చిందా దానికి?" అన్నాడు సకియాసి. వీళ్ళిద్దరూ మేనత్త మేనమామ బిడ్డలు, ఒకరినొకరు ఏడిపించుకోకపోతే తప్పు పట్టేవాళ్ళున్నారు.

"నీ పాట విని చచ్చిపోయింది బావా. నువ్వు వాకిట్లో కూర్చుంటే లేస్తుందేమో."

"వాడు చెప్పింది చెయ్యి," అంది అత్తయ్య. సకియాసి నిజంగానే వాకిట్లో కూర్చుని పాడాడు. కిటియోనె మత్తుగా తెరనే చూస్తూ ఉన్నాడు. మూడో చరణంలో తెర నల్లబడింది.

కిటియోనె దాన్ని తన ఇంటికి మోసుకెళ్ళాడు. ఉక్కగా ఉందని పెద్ద టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టుకుని పొద్దంతా పాట మీద పాట పాడించాడు. ఒక్కసారీ ఆగలేదు. అయినా పాటను మాత్రం కదపకుండా, ఉన్న ప్రోగ్రాములన్నీ తీసేసి కొత్తవి ఎక్కించి తెచ్చాడు. అతను దించి బడికి వెళ్ళాడో లేదో, అత్తయ్య ఇంట్లో మూడో చరణం దగ్గర చచ్చింది. మళ్ళీ మోసుకెళ్ళాడు. మళ్ళీ పాడింది.

"అత్తా, దీనికి మీ ఇల్లు పడట్లేదు," అని తేల్చాడు.

"ఎమోసి కట్టిన ఇల్లు ఎమోసికి పడకపోవడమేమిట్రా!"

"మావయ్య పాటని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటాను. పుల్లంత ఉంటుంది, జేబులో పడుంటుంది."

"ఆయన పడవలోనే పట్టేవాడు కాదు, నీ జేబులో పడతాడా? మొన్న రగ్బీ ఆడుతూ ఫోను పారేసుకున్నావు. రేపు మీ మావయ్యని పారేస్తావు. ముట్టుకోకు."

ఇక మిగిలింది ఇంటికి వైద్యం చేయడం. కంప్యూటరును తూర్పుకు తిప్పారు, చర్చి వైపుకు తిప్పారు. కింద కొత్త చాప వేశారు. పాస్టరు గారు వచ్చి, ఇంతవరకు ఏ కంప్యూటరు కోసమూ ప్రార్థన చేయలేదని మొహమాటపడి, తెర మీద చెయ్యి వేసి చేశారు. మూడో చరణం వింటే దానికి దుఃఖం వస్తోందని ఒకావిడ అంటే, ముందుగా మూడో చరణం వినిపించి తర్వాత ఒకటో చరణం వినిపిద్దామని సకియాసి అన్నాడు. కానీ అప్పటికి అది లేవడమే మానేసింది. మీట నొక్కితే ఒకసారి మూలిగి ఊరుకుంటోంది.

అత్తయ్య నేలలో తవ్విన లోవో పొయ్యిలో వండిన దుంపలు ఎవరి ముందూ పెట్టకుండా, నడుముకు చేతులానించుకుని నిలబడింది. "రెండోసారి పోయాడు," అంది. ఆ మాటకు సకియాసి కూడా నవ్వలేదు.

కిటియోనె ఇంటికెళ్ళి టేబుల్ ఫ్యాన్ తెచ్చి కంప్యూటరు వెనక పెట్టాడు. చాలాసేపు చల్లారాక అది లేచింది.

"ఈసారి నేనిక్కడ లేననుకోండి. రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి. ఏదీ దాచొద్దు," అని గోడవారన కూర్చున్నాడు.

పాట మొదలైంది. ఒకటో చరణం. అందరూ అందుకున్నారు. రెండో చరణంలో ఎమోసి ఒక్కడే పలికాడు, అల్మరాలో గ్లాసులు కదిలాయి. అత్తయ్య లేచింది. కళ్ళు సగం మూసుకుని కంప్యూటరు పెట్టె వెనక్కి వెళ్ళింది. రవికలోంచి డబ్బా తీసి, మూత ఊడదీసి, పెట్టె వెనుక గాలి పోయే బెజ్జాల మీద, ఆయన మెడ ఉండాల్సిన ఎత్తులో, ధారాళంగా కుమ్మరించింది. కిటియోనె తెచ్చిన ఫ్యాన్ ఆ పౌడరును మొత్తం లోపలికి తోసింది.

"అత్తా!" అని కిటియోనె అరిచాడు.

"పాడుతున్నాడురా, ఊరుకో!" అంది అత్తయ్య. తెర నల్లబడింది.

పెట్టె విప్పారు. లోపల ఫ్యాన్ లేదు, తీగలు లేవు, బర్త్‌డే కేకు ఉంది.

"అత్తా, ఇన్నాళ్ళూ రోజూ పోశావా?"

"బాగా పాడినప్పుడే పోశాను."

"బాగా పాడని రోజు ఉందా?"

అత్తయ్య ఆలోచించింది. "లేదు," అంది.

"ఇంతమంది చూస్తూ ఒక్కరు చెప్పలేదేంటి బావా?" అని కిటియోనె సకియాసి మీద పడ్డాడు.

"బాగా పాడితే పౌడరు వెయ్యరా? అందులో చెప్పడానికేముంది?" అన్నాడు సకియాసి. ఆశ్చర్యపోయింది కిటియోనె ఒక్కడే.

పెయింట్ బ్రష్షుతో ఊడ్చి, నోటితో ఊది, ఊదినవాళ్ళంతా తెల్లమొహాలు వేసుకున్నారు. బిగించి మీట నొక్కితే లేచింది. పాట లోపల భద్రంగా ఉంది. ఇక పౌడరు ముట్టుకోవద్దని కిటియోనె ఒట్టు పెట్టబోయాడు.

"ఆయన పాడుతుంటే నేను ఊరికే కూర్చోవాలా? ముప్పొద్దులా తిండి మానేయమను, మానేస్తా," అంది అత్తయ్య. అరుస్తూ అనలేదు. డబ్బా రెండు చేతులతో పట్టుకుని అంది.

కిటియోనె లేచి బజారుకెళ్ళి పొడవాటి తీగ తెచ్చాడు. కంప్యూటరు పెట్టెను వంటింట్లో పెట్టి తలుపు మూసి, స్పీకరు ఒక్కటీ చాప మీదికి తెచ్చి, ఎమోసి కూర్చునే చోట దిండు వేసి దాని మీద పెట్టాడు.

పాట మొదలైంది. రెండో చరణంలో అత్తయ్య లేచి వెళ్ళి స్పీకరు మీద పౌడరు పోసింది. అది ఎమోసి గొంతుకు గడగడ వణుకుతుంటే పౌడరు పైకెగిరి పడింది. గొంతు కాస్త బొంగురుపోయింది.

"అదిగో, అదీ ఆయన గొంతు. ఇన్నాళ్ళూ మరీ శుభ్రంగా వస్తోందేమిటా అనుకుంటున్నా," అంది అత్తయ్య.

మూడో చరణం వచ్చింది. సకియాసి ఊపిరి బిగబట్టాడు. "ప్రభువా, నీ పడవలో నాకూ చోటుందా?" అని పాడాడు ఎమోసి.

చాప మీద ఎవరూ నవ్వకుండా ఉండలేకపోయారు. అత్తయ్య అందరికంటే ఎక్కువ నవ్వింది, నవ్వుతూ డబ్బాలో మిగిలింది కూడా పోసింది. తర్వాత చెయ్యెత్తి, "ఆ మాట దగ్గర్నుంచి, అందరూ," అంది.