గీత దాటకూడని ముప్పై కంప్యూటర్లు

1999. మాదాపూర్ గుట్టలు పగలగొట్టి అద్దాల భవనాలు లేపుతున్న రోజులు. నేనప్పుడు కస్టమ్స్‌లో ఇన్‌స్పెక్టర్‌ని. కస్టమ్స్ అంటే ఎయిర్‌పోర్టులో బంగారం పట్టుకోవడమేనని మా చుట్టాల నమ్మకం. పెళ్ళిళ్ళలో కనబడితే చాలు, ‘ఈ మధ్య ఎన్ని బిస్కెట్లు పట్టావమ్మా’ అని అడిగేవాళ్ళు. నా వంతుకు వచ్చినవి మాత్రం కంప్యూటర్లు. అవి ఉన్నచోటే ఉన్నాయా లేదా అని చూడటమే నా పని.

దీన్ని మేము బాండ్ అంటాం. సాఫ్ట్‌వేర్ కంపెనీలు విదేశాల నుంచి కంప్యూటర్లను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. కానీ వాటిని ఎగుమతి పనికే వాడాలి, మేము గుర్తించిన ఆవరణ దాటించకూడదు. ఒక అమెరికా కంపెనీవాళ్ళు ఇది మరీ మనసుకు పట్టించుకుని, హాలు గుమ్మం దగ్గర నేలమీద పసుపుపచ్చ గీత గీయించారు. గీత పక్కన స్టూలు, స్టూలు మీద సెక్యూరిటీ గార్డు యాదయ్య, అతని ఒళ్ళో రిజిస్టరు. బయటికి పోయే ప్రతి సంచీ విప్పి చూసేవాడు. ఒకసారి నా హ్యాండ్‌బ్యాగూ విప్పించాడు. నాకసలే కోపం ముక్కుమీద ఉంటుంది. కస్సుమన్నాను. “మేడం, మీరు పెట్టిన రూలే గద” అన్నాడు నిమ్మళంగా.

ఒకరోజు అక్కడి అడ్మిన్ మేనేజర్ ప్రసాద్ గారు నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. కాకినాడ మనిషి, చాలా నెమ్మది. రెండు వేల సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లు తారీఖు తప్పు చెబుతాయని అప్పట్లో లోకమంతా హడలిపోతోంది కదా, ఆ భయంతో వాళ్ళ హెడ్డాఫీసు ఈ హాల్లో ఉన్న ముప్పై కంప్యూటర్లూ తీసేసి కొత్తవి పెట్టమందట.

“ఇవి పాడయ్యాయాండీ?” అని అడిగాను.

“లేదండి, తారీఖు కూడా సరిచేసేశాం. బంగారంలా ఉన్నాయండి. కానీ పాలసీ అండి. పైనుంచి వచ్చింది.”

తీసేసినవాటిని బయట ఇవ్వాలంటే సుంకం కట్టాలి. లేదంటే మా అధికారి ఎదుట సుత్తెతో పగలగొట్టాలి. అదీ మా రూలు. కంపెనీ పగలగొడతానంది, మేము పగలగొట్టమన్నాం. నా సర్వీసులో పెద్ద కంపెనీ, ప్రభుత్వం ఒక్కమాట మీద నిలబడగా చూడటం అదే మొదలు. వచ్చే శుక్రవారానికి ముహూర్తం పెట్టి సంతకం చేశాను. బుర్ర పెట్టకుండా చేసిన సంతకం, దాచడమెందుకు?

సోమవారం కొత్త కంప్యూటర్ల కాగితాలు చూడటానికి వెళ్ళేసరికి గీతకు ఇవతల ఒకావిడ నిలబడి ఉంది. నల్లగండ్ల ఊరి హైస్కూలు హెడ్మిస్ట్రెస్, సుగుణ టీచర్. యాదయ్య కూతురు స్వరూప ఆ బళ్ళోనే పదో తరగతి. కబురు మోసింది యాదయ్యేనని వేరే చెప్పక్కర్లేదు.

“మేడం, మీరేనా కంప్యూటర్లు పలగ్గొట్టేటోళ్ళు?”

“నేను పగలగొట్టనండీ. పక్కన నిలబడి చూస్తాను.”

“గదింకా మంచిగున్నది!” అందావిడ. “మా బళ్ళ నల్లబల్ల మీద కంప్యూటర్ బొమ్మ గీసి పాఠం చెప్తున్న. నిజంది నేనే ముట్టలేదు, ఇగ పిల్లలకేం చెప్పాలె? ఈ అద్దాల మేడలు మా ఊళ్ళ పక్కన్నే లేస్తున్నయి. మా ఆడపిల్లలు వీటిల్లకు ఊడ్చేటందుకే రావాల్నా?”

ఎదుటివాళ్ళ మాట న్యాయమైనప్పుడే నాకు కోపం ఎక్కువ వస్తుంది. “రూలు నేను రాయలేదండీ!” అన్నాను గట్టిగా.

“పాలసీ నేనూ రాయలేదండి” అన్నారు ప్రసాద్ గారు మెల్లిగా.

“అంటే రాసినోళ్ళిద్దరు ఈడ లేరన్నట్టు” అన్నాడు యాదయ్య స్టూలు మీంచి.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకరు సముద్రం అవతల, ఒకరు ఢిల్లీలో. మధ్యలో మేం నలుగురం ఒక పచ్చగీత చుట్టూ నిలబడి ఉన్నాం. యాదయ్యే మళ్ళీ అందుకున్నాడు.

“మేడం, జర ఒక్కమాట. నేను పొద్దుగాలకెల్లి బయటికి పోయే సంచులే చూస్త. డబ్బాలు బయటికి పోవద్దు, సరే. పిల్లలు లోపటికి రావొద్దని యాడ రాసున్నది?”

ఓరి నీ! ఇన్నేళ్ళ సర్వీసులో నాకు తట్టని మాట. తలకొట్టేసినట్టయింది గానీ, పట్టలేనంత సంతోషం కూడా వేసింది.

ఆ సాయంత్రమే మా సూపరింటెండెంట్ గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన అంతా విని కళ్ళద్దాలు తీశారు. “నువ్వు అడిగావు కనక నేను వద్దనాలి. పిల్లలకు పాఠం చెప్పడం ఎగుమతి కాదు కదమ్మా.” నా మొహం వాడిపోయినట్టుంది. ఆయన మళ్ళీ అన్నారు. “సరే, పగలగొట్టే ముందు ఏం చెయ్యాలి?”

“సరుకు పరీక్షించి రిపోర్టు రాయాలి సార్.”

“ఎన్నాళ్ళలో రాయాలని ఉంది?”

“గడువు లేదు సార్.”

“ఎవరిచేత పరీక్ష చేయించాలని ఉంది?”

“అదీ లేదు సార్.”

“మరింకేం? నాకు పనుంది, వెళ్ళు.”

ఇక కంపెనీ. ప్రసాద్ గారు హెడ్డాఫీసుకు ఈ-మెయిల్ పెడితే, ముందు ప్రభుత్వం కాగితం చూపించమన్నారు. మా ఆఫీసులో తపాలా గుమాస్తా ముందు కంపెనీ కాగితం కావాలన్నాడు. మీరు ముందంటే మీరు ముందని గుమ్మంలో నిలబడిపోయిన వియ్యంకుల్లా ఉంది వరస. బుధ, గురువారాలు కూడా ఇలాగే గడిచిపోతే శుక్రవారం సుత్తెలు వచ్చేస్తాయి. బుధవారం పొద్దున్నే రెండు ఉత్తరాలూ నేనే టైపు చేసి, ప్రసాద్ గారి బల్ల మీద పక్కపక్కన పెట్టాను. పరీక్ష పూర్తికానందున ధ్వంసం వాయిదా అని మాది. పరీక్షకు మనుషుల్ని లోపలికి అనుమతిస్తున్నామని వాళ్ళది. ఇద్దరం ఒకేసారి సంతకాలు పెట్టాం. గురువారం హెడ్డాఫీసు నుంచి ‘సరే’ అని ఒక్క ముక్క జవాబొచ్చింది. ఆ మాత్రానికి అంత పరేషాన్ చేశారు!

శనివారం మధ్యాహ్నం ఖాళీగా ఉన్న కంపెనీ బస్సు పంపించి ముప్పైమంది ఆడపిల్లల్ని తీసుకొచ్చారు ప్రసాద్ గారు. చెప్పమనకుండానే చెప్పులన్నీ గీత ఇవతల వరసగా విడిచి లోపలికి వెళ్ళారు పిల్లలు. వెనకే సుగుణ టీచర్, ఆవిడ కూడా చెప్పులు విడిచే. స్వరూప కీబోర్డు మీద తన పేరు వెతుక్కుంటూ విసుక్కుంది. “ఏంది సార్, ఏ పక్కన బీ లేదు. గిట్ల అడ్డదిడ్డంగ ఎవలు పెట్టిన్రు?”

“అదీ పైవాళ్ళ పాలసీయేనమ్మా” అన్నారు ప్రసాద్ గారు. హాలంతా ఒకటే నవ్వులు.

ఆ రోజు నా రిపోర్టులో ‘పరీక్ష కొనసాగుచున్నది’ అని రాశాను. ప్రతి శనివారం అదే రాశాను. అబద్ధం కాదు కదా.

మూడో శనివారం పిల్లలు బయటికి వస్తుంటే యాదయ్య కూతురి సంచీ విప్పి, ఆ పిల్లను గీత మీదే నిలబెట్టేశాడు. “నాయినా, గది నాదే” అంటోంది స్వరూప. “నీదైతేంది? ఆగు” అని నన్ను పిలిచాడు. సంచీలో పరీక్ష అట్ట ఉంది. దాని వెనక స్కేలుతో గళ్ళు గీసి, గడికో అక్షరం చొప్పున కీబోర్డు మొత్తం దించింది. ఇంట్లో వేళ్ళు ఆడించుకోవడానికట. పెన్సిలు గీతలు అప్పుడే కొన్ని చోట్ల చెరిగిపోయాయి. చూస్తే అందరి సంచుల్లోనూ అలాంటి అట్టే ఉంది.

“మేడం, లోపటిది బయటికి పోతున్నది. పోనియ్యాల్నా, వద్దా?” యాదయ్య వేళాకోళం ఆడటం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

రిజిస్టరు ఇమ్మని తీసుకుని రాశాను: ‘అట్టలు. కీబోర్డు బొమ్మలు. బయటికి పోవుటకు అనుమతించడమైనది.’ కింద సంతకం చేసి, ముద్ర కూడా వేశాను. అది బుర్ర పెట్టి చేసిన సంతకం.

కొన్ని నెలలకు పాత కంప్యూటర్లు సుంకం లేకుండా బడులకు ఇవ్వవచ్చని ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చింది. ముప్పైకి ముప్పై లారీ ఎక్కి నల్లగండ్ల వెళ్ళాయి. ఒక్క సుత్తె దెబ్బ పడలేదు. ఇప్పుడు టీవీలో పెద్ద కంపెనీల మీద, ప్రభుత్వం మీద చర్చలు పెట్టుకుని ఒకరినొకరు తిట్టుకుంటుంటే నాకు ఆ పచ్చగీతే గుర్తొస్తుంది. రూలులో ఏది వద్దన్నారో చదవడం నాకు నా ఉద్యోగం నేర్పింది. ఏది వద్దనలేదో చదవడం మాత్రం స్టూలు మీద కూర్చున్న యాదయ్య నేర్పాడు.