అత్త తెచ్చిన మల్లె అంటు

నిన్న ఉదయం ఏడుంబావుకు పక్కింటి గోడలకు రంగు వేయడానికి ఇద్దరు మనుషులు వచ్చారు. డబ్బా మూత తెరవగానే ఘాటైన వాసన మా వంటింటి కిటికీ దాకా వచ్చింది. అనంతపురంలో ఈ వీధికి వచ్చాక ఆ వాసన చాలాసార్లు పీల్చాను. అయినా ఇల్లు కొత్త చేయడమంటే నా ముక్కు ఇప్పటికీ సున్నం కోసమే వెతుకుతుంది. నీళ్ళు పోయగానే రాళ్ళు బుసబుసమని పొంగి, కాగులో ఉడికి, తెల్లటి ఆవిరి లేచేటప్పటి వాసన అది.

మాది పామిడి. నాయనకు బజారులో చిన్న బట్టల అంగడి ఉండేది. డెబ్బైల చివర, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, మా మట్టి మిద్దెలో నాయన, అమ్మ, నేను, నాయన అక్క రుక్మిణత్త ఉండేవాళ్ళం. అంతకు నాలుగేళ్ళ ముందు, మామ పోయిన ఏడాదికి, అత్త విడపనకల్లులోని అత్తగారింటి నుంచి మా ఇంటికి వచ్చేసింది. అక్కడ ఏదో మాట పట్టింపు జరిగిందని మాత్రమే నాకు తెలుసు. బస్సు దిగినప్పుడు ఆమె ఒక చేతిలో బట్టల మూట, ఇంకో చేతిలో మూతి పగిలిన ముంత ఉన్నాయి. ముంతలో మన్ను, ఆ మన్నులో జానెడు మల్లె మొక్క. వాళ్ళ అత్తగారి పెరట్లోని గుండుమల్లె కొమ్మను వంచి, మన్ను కప్పి, రాయి పెట్టి, వేరు పట్టాక కోసుకున్న అంటు అది. కట్టుబట్టలు కాక ఆ ఇంటి నుంచి ఆమె తెచ్చుకున్నది అదొక్కటే.

మా ఇంట్లో అలంకరణ కోసం కొన్న వస్తువు ఒక్కటీ ఉండేది కాదు. జొన్న కోతలయ్యాక అత్త మంచి కంకులు ఏరి, కొర్ర కంకులతో కలిపి కుచ్చుగా అల్లి, పిచ్చుకల కోసం పంచ దూలానికి వేలాడదీసేది. అంగడిలో మిగిలిన పట్టుచీరల అంచు ముక్కలను కోసుగా కత్తిరించి కుట్టిన గుడ్డ తోరణం ఒకటి ఉండేది, పండగ కాగానే దాన్ని ఎండిన వేపాకు మధ్య మడిచి ట్రంకుపెట్టెలో దాచేవాళ్ళు. జరీ నల్లబడింది కానీ తోరణం మారలేదు. చిల్లు పడిన కాగులో తులసి, పిడి ఊడిన ఇత్తడి చెంబులో మరువం, వానాకాలంలో గోడ వెంబడి కనకాంబరాలు, ఎండాకాలంలో కిటికీకి తడిపిన గోనె. ఇల్లు కాలాన్ని బట్టి మారుతూ ఉండేది.

పెన్న మా ఊరి పక్కనే ఉన్నా, ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఇసుకే. ఆ ఇసుకలో గుంత తవ్వి, చెలమలో ఊరిన నీళ్ళను చిప్పతో తోడి కడవకు ఎత్తుకునేవాళ్ళం. అందుకే అత్త ఇంట్లో ఒక నియమం పెట్టింది. బియ్యం కడిగినా, ముఖం కడిగినా, కూరగాయలు కడిగినా, ఆ నీళ్ళు నేలపాలు కాకూడదు, మల్లెచెట్టుకే పోవాలి. చెట్టు మొదట్లో చెనిక్కాయ పొట్టు మందంగా పరిచి తడి ఆరకుండా చూసేది. నాలుగేళ్ళు అలా సాకాక, నా తొమ్మిదో ఏట ఫాల్గుణంలో చెట్టు మొదటిసారి గుత్తులుగా మొగ్గ వేసింది. అత్త పూలు పెట్టుకునేది కాదు. అయినా పొద్దున్నే లేచి మొగ్గలున్న కొమ్మలను ఒక్కొక్కటే పైకెత్తి చూసుకునేది.

ఉగాదికి వారం ముందు ఇంటికి సున్నం కొట్టారు. నాయన కిత్తనార కుంచెతో గోడలకు పూస్తే, అమ్మ అడుగున మూరెడు ఎత్తున ఎర్రటి జాజు పట్టీ వేసింది. సాయంత్రం కుంచె, కాగు కడిగే పని నాకు చెప్పారు. అడుగున గడ్డ కట్టిన సున్నాన్ని గోకి గోకి కడిగాను. కడిగిన నీళ్ళు రెండు బకెట్లయ్యాయి. వాటిని ఏం చేయాలో నాకెవరూ ప్రత్యేకంగా చెప్పలేదు, నేనూ అడగలేదు. రోజూ పోసే చోటే పోశాను.

నాలుగో రోజుకు ఆకుల అంచులు మాడాయి. ఎండ దెబ్బ అనుకున్నారు. ఆరో రోజు అత్త పొట్టు పక్కకు తీసి చూసింది. మన్ను మీద తెల్లటి పెచ్చు కట్టి ఉంది.

"ఈడికి సున్నం ఎట్లొచ్చినాది?" అంది.

"ఇంగెవురు, నీ మేనకోడలే! దాని చెయ్యి ఊరుకుంటాదా?" అంది అమ్మ.

నేను ఏడుస్తూనే ఎదురు చెప్పాను. "నువ్వే గదత్తా, కడిగిన నీళ్ళన్నీ చెట్టుకే పొయ్యమనింది!"

అత్త ఆ తెల్లటి పెచ్చును వేలితో గోకి చూసింది. తర్వాత, "చెప్పినా. సున్నం నీళ్ళు వద్దని చెప్పలేదు," అని లేచి, "కడవ ఎత్తుకో," అంది.

ముఖం కడిగిన నీళ్ళను కూడా వృథా పోనివ్వని మనిషి ఆ తర్వాత రెండు రోజులూ తాగే నీళ్ళు తెచ్చి కడవల కొద్దీ ఆ మొదట్లో గుమ్మరించింది. పైమన్ను తవ్వి తీసి, పెన్న ఒండ్రు పోసింది. చెలమ దగ్గర ఎదురింటి గంగమ్మ ఊరుకోలేదు.

"ఏం రుక్కక్కా, ఇన్ని నీళ్ళు మోస్తాండావు, ఇంట్లో పెండ్లా?"

"పెండ్లేం లేదులేవే, చెట్టుకు తలంట్లు పోస్తాండా."

ఉగాది నాడు గుమ్మానికి వేపమండలు, పాత గుడ్డ తోరణం కట్టాం. గోడలు తెల్లగా ఉన్నాయి. మొగ్గలు విచ్చుకోకుండానే గోధుమరంగుకు తిరిగి రాలిపోయాయి. నెల తిరిగేసరికి కొమ్మ గోకితే లోపల పచ్చదనం లేదు.

"విడపనకల్లుకు పోయి ఇంకో అంటు తెచ్చుకో వదినా, చెట్టు అడిగేదానికి సిగ్గేంది?" అని అమ్మ రోజూ పోరేది.

"చెట్టు అడిగేదానికి కాదే. ఆ గడప తొక్కాల గదా," అనేది అత్త.

తొలకరి పడ్డాక ఒకనాడు ఆమె చీర మార్చుకుని, "తప్పు చేసిందానివి, నువ్వు గూడా రా," అని నన్ను బస్సెక్కించింది.

ఆమె అత్తగారు అరుగు మీద చేటలో కొర్రలు చెరుగుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు.

"ఏమమ్మా, దావ మర్చిపోలేదే?"

"మల్లె అంటు కావాలని వచ్చినా అత్తా."

"నీ కాడ ఉండాది గదా?"

అత్త బదులు చెప్పేలోపే నేను చెప్పేశాను. "నేను సున్నం నీళ్ళు పోసినా అవ్వా. చచ్చిపోయినాది."

ముసలమ్మ చేట పక్కన పెట్టి మమ్మల్ని పెరట్లోకి తీసుకుపోయింది. బావి అడుగు దాకా ఎండి ఉంది. దాని పక్కన గుండ్రంగా పేర్చిన రాళ్ళ మధ్య ఉత్త మన్ను.

"పోయినేడే ఎండిపాయ. పోతే పోనీలే, రుక్కి కాడ బతికుండాది గదా అనుకొంటి," అంది ఆమె.

"నేనూ నీ కాడ ఉండాదిలే అనుకొనే వచ్చినా," అంది అత్త.

ఆ చెట్టు ఇక ఎక్కడా లేదని ముగ్గురికీ ఒకేసారి తెలిసింది. ఇద్దరూ ఆ రాళ్ళ దగ్గర కూర్చున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కాసేపటికి ముసలమ్మ లేచి, "బిడ్డకు ఆకలైతాంటుంది," అని మా ఇద్దరికీ సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టింది. బయల్దేరేటప్పుడు గోడ వారగా బతికి ఉన్న నందివర్ధనం కొమ్మ ఒకటి విరిచి తడిగుడ్డలో చుట్టింది.

"బతికితే మళ్ళా నాకో కొమ్మ తెచ్చియ్యి. ఇది గూడా ఎన్నాళ్ళుంటాదో."

నందివర్ధనం బతికింది, మరుసటి వానాకాలం అత్త దాని కొమ్మ ఒకటి తీసుకుపోయి ఆమెకు ఇచ్చి వచ్చింది. ఈసారి నన్ను తోడు రమ్మనలేదు. అప్పటి నుంచి ఆమె ఏ చెట్టునూ ఒక్క ఇంట్లోనే ఉంచలేదు. కనకాంబరం నారు గంగమ్మకు, మరువం మా వీధి చివరి ఇంటికి, తర్వాత ఎవరి దగ్గరో సంపాదించిన జాజితీగ అంటు నాలుగిళ్ళకు ఇచ్చింది. అడగని వాళ్ళ గుమ్మంలోనూ ముంత పెట్టి వచ్చేది. ఎనభైలలో మూడేళ్ళు వరసగా వానలు తప్పి మా పెరడంతా ఎండిపోయినప్పుడు, ఆ జాజి గంగమ్మ ఇంటి నుంచి మళ్ళీ మా ఇంటికి వచ్చింది.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఆ మిద్దె స్థానంలో ఎవరిదో సిమెంటు ఇల్లుంది. గంగమ్మ వాళ్ళూ ఊళ్ళో లేరు. తొలకరి పడ్డాక కొమ్మ వంచి, మన్ను కప్పి, రాయి పెట్టి, వేరు పట్టిన అంటును పక్కింటికి ఇవ్వడం ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.