రెండు చెవుల ఫోటో

మొన్న మా మనవరాలు ఫోనులో పాతకాలపు ఫ్యాషన్ ఫోటోలు చూపించింది. అన్నీ నలుపూ తెలుపే. ఒకదాంట్లో దొరసాని ఒకావిడ గోడకు చేరబడి ఎటో చూస్తోంది, మొహం సగం నీడలో ఉంది, పక్కనంతా ఖాళీ. ఆ ఖాళీలోనే, ఆ నీడలోనే ఉంది తాతా అందమంతా అని, జీవితమంతా స్టూడియో నడిపిన నాకు ఆ పిల్ల పాఠం చెప్పింది. అదే పాఠం అరవైల చివర్లో విజయనగరంలో మా బావ, అంటే మా ఆవిడ అన్న, చెబితే నేను వినలేదు.

మా స్టూడియోకి పాతపట్నం నుంచి కూడా పెళ్లిచూపుల ఫోటోలకి వచ్చేవారు. రెండు చెవులూ కనపడాలి, మొహం మీద నీడ పడకూడదు. పడిందా, పిల్లకేదో మచ్చ దాచారని మగపెళ్లివారికి అనుమానం. ఫోటోలు బావ తీసేవాడు, నేనూ తీసేవాణ్ణి, కానీ నెగటివ్ మీద నీడలు చెరపడంలో నా చెయ్యే చెయ్యి అని నాకు మహా గీర.

ఒక బట్టల కొట్టువారు కేలండరుకి ఫోటో అడిగారు. పరాయి ఆడవాళ్లెవరూ ఒప్పుకోరు గనక బావ తన చెల్లెలికే పొందూరు చీర కట్టించి మా వంటింటి కిటికీ దగ్గర నిలబెట్టాడు. ఆ నెగటివ్‌ని వెలుతురుకి పట్టగానే, ప్రింటు అక్కర్లేకుండానే, నాకు అంతా తెలిసిపోయింది. ఒక చెంప మీద వెలుగు, రెండో చెంప నీడ, పక్కన ఖాళీ గోడ, తనలో తానున్న మనిషి. మూడేళ్ల కాపురంలో నేనెన్ని తీసినా ఆ మనిషి నాకు చిక్కలేదు. కడుపు మండిపోయింది.

“గోడ మీద గీతొక్కటే తియ్యి బావా, నీడ జోలికెల్లకు” అని బావ నాకు మరీ మరీ చెప్పి వెళ్లాడు. పెన్సిలు పూస్తే తుడిచేస్తాడని ఆ నీడకి ఎర్రరంగు పట్టించాను. నెగటివ్ మీద ఎరుపు పడ్డ చోటు ప్రింటులో తెల్లగా వస్తుంది, అది మళ్లీ ఊడదు. కేలండరు వచ్చింది. మొహం వెన్నపూసలా తెల్లగా ఉందని ఊరంతా మెచ్చుకున్నారు. బావ మళ్లీ నాకు నెగటివ్ ఇవ్వలేదు. మా ఆవిడ కేలండరు చాలాసేపు చూసి, “ఇది నాను కాదు, ఏటి సేసినావు?” అంది. నేను రంగు సీసా మూత వెతుక్కుంటున్నట్టు నటించాను.

ఇప్పటి పిల్లలు ఫోనుని వేలితో నొక్కి లేని నీడను తెచ్చుకుంటున్నారు. నానమ్మది ఇలాంటి ఫోటో ఒక్కటైనా లేదా అని మనవరాలు అడిగింది. పోయిన ఆ మనిషి ఫోటోలు పెట్టెడున్నాయి, అన్నిట్లోనూ రెండు చెవులతో నన్నే చూస్తూ ఉంటుంది. కిటికీ దగ్గరి ఆమెను చూసింది బావా, నేనూ, ఇద్దరమే. బావ కూడా పోయాడు. ఆ ఫోటో తీసింది అతనే అన్న కుళ్లు నాకింకా పోలేదు. అతని మాట ఎత్తకుండా, లేదమ్మా అన్నాను.