పంతొమ్మిది మార్కుల ఊరు

నోరు మూసుకుని కూర్చోవడం నేర్పే ట్యూషన్ ఎక్కడైనా ఉంటే చెప్పండి, రేపే చేరిపోతాను. మూడు ఆదివారాలు ఎండలో మాడి నేను వెతికి పట్టిన ఊర్లో ఇప్పుడు ఇంకొకాయన హాయిగా కాపురం పెట్టాడు. నేనేమో వారానికోసారి మొగుడి మొహం చూడ్డానికి కుప్పం నుంచి మదనపల్లెకు బస్సులో వేలాడుతున్నాను. పోనీ ఎవర్నైనా తిడదామా అంటే అదీ లేదు. అంతా నేను చేతులారా చేసుకున్నదే!

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మదనపల్లె పక్కన ఒకే స్కూల్లో ఎనిమిదేళ్ళు ఉన్నాను, అందుకని ఈసారి ట్రాన్స్‌ఫర్ తప్పలేదు. మనకు కావలసిన ఊర్లను ఒకటి, రెండు, మూడు అని వరసగా ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి. పాయింట్లు ఎక్కువున్నవాళ్ళకు ముందు ఇస్తారు. మారుమూల ఊర్లలో పనిచేసినవాళ్ళకు పాయింట్లు ఎక్కువ, టౌన్ పక్కన సుఖపడిన నాబోటివాళ్ళకు తక్కువ. మా ఆయన టమోటా మార్కెట్‌లో గుమాస్తా. తెల్లారేసరికి యార్డులో ఉండాలి, మదనపల్లె వదిలి రాలేరు. కాబట్టి నా కోరిక ఒక్కటే. బడి అయిపోయాక సాయంత్రానికి నా ఇంటికి నేను చేరాలి. అంతే!

మామూలు మనుషులైతే ఏం చేస్తారు? మ్యాప్ చూసి దగ్గరున్న ఊర్లు పెట్టుకుంటారు. నేను అలా చేస్తానా? ఎక్సెల్ షీట్ తెరిచాను. ఖాళీలున్న పదకొండు ఊర్లు, ఏడు కాలమ్‌లు, నూటికి మార్కులు. నీళ్ళు, బస్సు, గాలి, ఆస్పత్రి, బాడుగ ఇల్లు, ఫోన్ సిగ్నల్, ఇరుగుపొరుగు. ఇరుగుపొరుగును ఎలా కొలవాలి? దానికీ ఒక పద్ధతి కనిపెట్టాను. ఏదో ఒక ఇంటి ముందు నిలబడి "అమ్మా, కాసిన్ని నీళ్ళు" అని అడగాలి. వెంటనే చెంబుతో తెస్తే పది మార్కులు. "మీరెవురు, యాడ నుంచి?" అని అడిగి తెస్తే ఏడు. లోపల్నించే "ఎవురూ లేరు" అంటే సున్నా!

మా ఆయన స్కూటర్ తీశారు. రెండు ఆదివారాల్లో ఏడు ఊర్లు తిరిగాం, ఏడు చోట్లా నీళ్ళు తాగాం. మూడో ఆదివారం ఇంకో మూడు. దారంతా ఆయన గొణుగుడు.

"ఏమే భారతీ, ఊరు సూస్తాండావా, పెండ్లిసంబంధం సూస్తాండావా?"

పుంగనూరు రోడ్డులో ఒక ఊరు దొరికింది చూడండి! బడి ముందే బస్సు ఆగుతుంది. కొళాయి రోజూ వస్తుంది. అవసరమైతే ఉండడానికి రెండు గదుల ఇల్లు, ముందర కానుగ నీడ. ముసలావిడ చెంబు నీళ్ళతో పాటు బెల్లం ముక్క కూడా తెచ్చి పెట్టింది. ఎనభై ఏడు మార్కులు! రెండోది పుంగనూరు టౌనే, ఎనభై ఒకటి. ఇక పదకొండో ఊరు కుప్పం దాటాక, తమిళనాడు సరిహద్దులో. అక్కడికి స్కూటర్ మీద రానని ఆయన ఖరాఖండిగా చెప్పేశారు. నేనూ పట్టుబట్టలేదు. ఇంట్లో కూర్చునే మార్కులు వేసేశాను. పంతొమ్మిది! రిమార్కులు కూడా రాశాను. బస్సు: "వస్తే అదృష్టం". ఇరుగుపొరుగు: "అనుమానమే".

ఇంతవరకూ బాగానే ఉంది. షీట్ అంత అందంగా వచ్చాక ఎవరికీ చూపించకుండా ఎలా ఉండను చెప్పండి? మా స్కూల్లో ముంతాజ్ మేడం ఉన్నారు, హిందీ చెబుతారు. హిందీవాళ్ళ ఖాళీలు వేరు, లెక్కలవాళ్ళ ఖాళీలు వేరు. ఆమెతో నాకు పోటీ లేదు కదా అని ఆమె ఒక్కరికే వాట్సాప్‌లో పంపాను. ఆమె ముచ్చటపడి చెల్లెలికి పంపారు. ఆ చెల్లెలి ఇంటాయన లెక్కల సారు!

మూడో రోజుకు ఉమ్మడి జిల్లా లెక్కల టీచర్ల గ్రూపులో నా షీట్ తిరుగుతోంది. కింద ఎవరో రాశారు, "ఎవరో మహానుభావులు, ఎంత కష్టపడినారో!" అని. అప్పుడైనా గమ్మున ఉండాలా వద్దా? ఉండలేదు. "థాంక్స్ అండీ, నేనే చేశాను" అని పెట్టాను. నమస్కారం బొమ్మ కూడా!

ఇక ఫోన్లే ఫోన్లు. కొండల్లో పదేళ్ళు పనిచేసి సంచి నిండా పాయింట్లు పెట్టుకున్న రెడ్డెప్ప సార్ చేశారు.

"అమ్మా, ఆ ఎనబై ఏడు మార్కుల ఊర్లో ఇల్లు తూర్పు మొగమేనా?"

"అవును సార్, ఎండ బాగా పడుతుంది."

"నీళ్ళు ఉప్పగా ఉండాయా?"

"లేదు సార్, తియ్యగా ఉన్నాయి. నేనే తాగాను. ఇంతకీ ఎవరికోసం అడుగుతున్నారు?"

"ఊరికేనమ్మా, తెలుసుకుందామని."

తెలుసుకుందామనట! ఇంటి ఓనరు నంబరు కూడా ఇచ్చాను. పక్క గదిలోంచి మా ఆయన అరుస్తున్నారు, "నీకేమైనా పిచ్చి పట్టిందా? అందరికీ యాల చెప్తాండావు?" అని. "జ్ఞానం పంచుకుంటే పెరుగుతుందండీ" అన్నాను. తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

లిస్టు వచ్చిన రోజు మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో క్యారియర్ తెరిచి ముద్ద కలిపాను. ఫోన్ చూశాను. మొదటి ఊరు రెడ్డెప్ప సారుకు. రెండోది ఇంకొకరికి. మూడు, నాలుగు, ఐదు... నా షీట్‌లో ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో, పాయింట్ల ప్రకారం, ఒక్కొక్కరూ పట్టుకెళ్ళిపోయారు. నాకు మిగిలింది పదకొండోది. కలిపిన ముద్ద మళ్ళీ క్యారియర్‌లోనే పెట్టేశాను. ముంతాజ్ మేడం వచ్చి నా వీపు నిమిరారు. "మేరీ గల్తీ, తప్పంతా నాదే భారతీ" అని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆమెను ఓదార్చే పని కూడా నామీదే పడింది!

చేరిన రోజు కుప్పంలో దిగి, షేర్ ఆటో పట్టుకుని ఆ ఊరు చేరాను. హెడ్‌మాస్టర్ మునెప్ప సార్ గేటు దగ్గరికే ఎదురొచ్చారు.

"రాండి మేడం, పంతొమ్మిది మార్కుల ఊరికి!"

"సార్, అది..."

"మా పిల్లోళ్ళకు ముప్పై ఐదొస్తే పాసు మేడం. మా ఊరిని ఏకంగా ఫెయిల్ చేసి పెట్టినారే! పేపరు యాడ దిద్దినారు, ఇంట్లో కూసోనా?"

అవును సార్ అని ఎలా చెప్పను? బాడుగ ఇంటికి పోతే నేను నోరు తెరవక ముందే ఓనరమ్మ చెంబు నీళ్ళు చేతిలో పెట్టింది. "తాగమ్మా, అలిసిపోయిండావు" అంది. నిజంగా సిగ్గేసింది. ఊరు చల్లగా ఉంది, బస్సు రోజుకు మూడుసార్లు వస్తుంది, మనుషులు బంగారం. అయినా ఏం లాభం? రాత్రి ఎనిమిదికి ఒక్కదాన్నే అన్నం పెట్టుకుంటాను, అక్కడ ఆయన ఒక్కరే పెట్టుకుంటారు. ఫోన్‌లో "ఏం కూర?" "పప్పు." "నాకూ పప్పే." ఇదీ మా కాపురం.

అసలు సంగతి నిన్నటిది. శనివారం మధ్యాహ్నం మునెప్ప సార్ పిలిచి మెల్లగా చెప్పారు. పుంగనూరు దగ్గర ఒక స్కూల్లో లెక్కల మేడం కాన్పు సెలవు మీద వెళుతోందట. ఆ స్థానంలో ఏడాది చివరిదాకా డిప్యుటేషన్ మీద ఒకరిని పంపుతారట. "సోమారం పొద్దున్నే అప్లికేషన్ ఇచ్చేయండి మేడం. అంతవరకూ ఎవురికీ చెప్పొద్దు, మీకు దండం పెడతా" అన్నారు. ఆ మంచి మనిషి కాళ్ళకు మొక్కాలనిపించింది.

సంతోషంతో బస్సెక్కాను. పక్క సీట్లో ఒకామె. "ఏం మేడం, అంత నవ్వుమొగంతో ఉండారు?" అంది. అంతే! వి.కోట వచ్చేసరికి స్కూల్ పేరు చెప్పాను. పలమనేరు వచ్చేసరికి సెలవు ఏ తేదీ నుంచో చెప్పాను. గంగవరం దాటేసరికి అప్లికేషన్ ఎవరికివ్వాలో, ఏమేం జతచేయాలో కూడా చెప్పాను. ఆమె చాలా శ్రద్ధగా విని, ఫోన్‌లో రాసుకుంది. రాసుకోవడం చూశాక గానీ నాకు వెలగలేదు.

"మీరేం చేస్తారమ్మా?"

"టీచర్నే మేడం. పన్నెండేండ్లుగా కొండకింద ఊర్లలోనే ఉండాను."

ఏ సబ్జెక్టని నేను అడిగేలోపే ఆమే చెప్పింది. లెక్కలట!

పుంగనూరు బస్టాండులో దిగుతూ "చాలా ఉపకారం చేసినారు మేడం" అని నా చెయ్యి పట్టుకుంది. పై అరలో ఉన్న ఆమె బ్యాగు ఆమెకు అందలేదు. నేనే లేచి దించి ఇచ్చాను.